ఓటీటీ వీడియోల ప్లేబ్యాక్ దోషాలు

ఓటీటీ సేవల్లో వీడియో మొదలు కాకపోవడం, నడుమ ఆగిపోవడం, బొమ్మ కనిపించినా మాట వినిపించకపోవడం, మాట వినిపిస్తున్నా తెర నల్లగా ఉండిపోవడం, కట్టిన డబ్బుకు తగ్గ నాణ్యత రాకపోవడం వంటి ఇబ్బందులను కలిపి ప్లేబ్యాక్ దోషాలు అంటారు. తెరమీద ఇవి రెండు మూడు రూపాల్లోనే కనిపిస్తాయి. గిరగిరా తిరిగే వలయం ఒకటి, ‘ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి’ అనే వాక్యం ఒకటి, అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ మరొకటి. వాటి వెనక ఉండే కారణాలు మాత్రం పదుల సంఖ్యలో ఉంటాయి.

కోడ్ చెప్పేది వీడియో ఎక్కడ ఆగిందో మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. నెట్‌ఫ్లిక్స్‌లో ఎక్కువమందికి ఎదురయ్యే ‘ఎన్‌డబ్ల్యూ-2-5’నే చూడండి. ఆ పరికరం నెట్ ద్వారా సంస్థ సర్వర్‌ను చేరలేకపోయిందని దాని అర్థం. ఆ చేరలేకపోవడానికి కారణం వైఫై పాస్‌వర్డ్ మారడం కావచ్చు, రౌటర్ మొరాయించడం కావచ్చు, హాస్టల్ నెట్‌వర్క్‌లో వీడియో సైట్లను ఆపేసి ఉండటం కావచ్చు, వీధి చివర ఫైబర్ తెగడమూ కావచ్చు. మరమ్మతు అంటే ముందుగా వీడియో నడిచే దారిలో తెగిన చోటును పట్టుకోవడం. ఇళ్ళలో జరిగేది చాలావరకు దీనికి తలకిందులు: యాప్ తీసేస్తారు, మళ్ళీ ఎక్కిస్తారు, టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారు. ఆ తుడిచివేతలో జాడలన్నీ పోతాయి. కొన్నిసార్లు చిన్న దోషం పెద్దదవుతుంది కూడా.

తెర దాకా వచ్చే దారి

ప్లే నొక్కిన క్షణం నుంచి బొమ్మ పడేవరకు మామూలుగా పట్టేది కొద్ది సెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే యాప్ చాలా మజిలీలు దాటుతుంది. ఖాతా ఎవరిది, ప్లాను అమల్లో ఉందా, అదే ఖాతాతో ఇప్పటికే ఎన్ని తెరలమీద వీడియో నడుస్తోంది అన్నది సర్వర్ మొదట చూస్తుంది. తరవాత, చూసేవారు ఉన్న దేశంలో ఆ చిత్రానికి హక్కులున్నాయా అన్నది తేలుస్తుంది. అన్నీ కుదిరితే మ్యానిఫెస్ట్ అనే చిన్న ఫైలును పంపుతుంది. చిత్రం ఏయే నాణ్యతల్లో ఉంది, ఏయే భాషల శబ్దం ఉంది, ఏ చిరునామాల్లో దొరుకుతుంది అన్న వివరాలు అందులో ఉంటాయి.

సినిమా మొత్తం ఒకే ఫైలుగా రాదు. కొన్ని సెకన్ల నిడివిగల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ అనేక నాణ్యతల్లో సిద్ధం చేసి ఉంచుతారు. ముందు ముక్క ఎంత వేగంగా దిగిందో చూసుకుని, తరవాతి ముక్కను ఏ నాణ్యతలో తెప్పించుకోవాలో యాప్ తానే నిర్ణయించుకుంటుంది. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఎంపెగ్-డ్యాష్ అనే రెండు పద్ధతులమీదే నేటి ఓటీటీ ప్రపంచం చాలావరకు నడుస్తోంది. పాట మొదట్లో మసకగా ఉన్న బొమ్మ కాసేపటికి తేటపడటం దోషం కాదు. యాప్ ముందు తక్కువ నాణ్యత ముక్కతో త్వరగా మొదలుపెట్టి, వేగం ఉందని తేలాక పైమెట్టు ఎక్కుతుంది.

దిగిన ముక్కలు కొంతసేపు బఫర్‌లో నిలవ ఉంటాయి. మేడమీది నీళ్ళ ట్యాంకు చేసే పనే బఫర్‌ది: పంచాయతీ కుళాయి కాసేపు ఆగినా ఇంట్లో నీళ్ళు వస్తూనే ఉంటాయి, ట్యాంకు అడుగంటితేనే కొరత తెలుస్తుంది. నెట్ తెగిన అర నిమిషానికో నిమిషానికో వీడియో ఆగేది ఇందుకే. ప్రత్యక్ష ప్రసారంలో ఈ నిలవ చాలా తక్కువ. బంతి పడిన కొద్ది సెకన్లకే చూపించాలి కాబట్టి ముందుగా పోగుచేసుకోవడానికి వీలుండదు. సినిమా సాఫీగా ఆడే ఇంట్లోనే క్రికెట్ మ్యాచ్ పదేపదే ఆగడానికి ఇది ముఖ్య కారణం.

ముక్కలు వచ్చే చోటు కూడా తెలిసి ఉండాలి. ప్రతి పెద్ద సేవకూ చూసేవారికి దగ్గరలో నకళ్ళు దాచి ఉంచే సర్వర్ల వల ఉంటుంది. దాన్ని సీడీఎన్ అంటారు. నెట్‌ఫ్లిక్స్ ఓపెన్ కనెక్ట్ పేరుతో సొంత సర్వర్ పెట్టెలను నెట్ కంపెనీల ఆవరణల్లోనే పెట్టిస్తుంది. కాబట్టి విజయవాడలో కూర్చున్నవారికి సినిమా అమెరికా నుంచి రానక్కరలేదు, దగ్గరలోని పెట్టె నుంచే రావచ్చు. ఖాతా తనిఖీ, వీడియోను విప్పే కీ ఇవ్వడం, సిఫారసుల జాబితా వంటి పనులు వేరే సర్వర్లు చేస్తాయి. పోస్టర్లన్నీ చక్కగా కనిపించి వీడియో ఒక్కటే రాలేదంటే, వీడియో ముక్కల దారి తెగిందని గాని, కీ దగ్గర ఆగిందని గాని అనుకోవాలి. పోస్టర్లే రాలేదంటే చిక్కు అంతకన్నా ముందే ఉంది.

కోడ్‌ల భాష

ఏ సంస్థ కోడ్‌లు ఆ సంస్థవే అయినా, అడుగున రెండు ఉమ్మడి భాషలు ఉన్నాయి. మొదటిది బ్రౌజర్‌ది. హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం వీడియో దోషాలను నాలుగే అంకెల్లో చెబుతుంది. 1 అంటే వినియోగదారు చర్యవల్ల లోడింగ్ ఆగిపోయింది, 2 అంటే దింపుతుండగా నెట్‌వర్క్ తెగింది, 3 అంటే డేటా వచ్చింది గాని విప్పడం కుదరలేదు, 4 అంటే ఆ వీడియో దొరకలేదు లేదా ఆ రకాన్ని ఈ బ్రౌజర్ ఆడించలేదు. సొంత వెబ్‌సైట్లలో వీడియోలు పెట్టే చిన్న సంస్థల ప్లేయర్లు చాలావరకు ఈ అంకెలనే కొద్ది మార్పులతో చూపిస్తాయి.

రెండోది సర్వర్ జవాబులది. 403 అంటే సర్వర్ వినతిని నిరాకరించింది. 404 అంటే ఆ చిరునామాలో ఏమీ లేదు. 429 అంటే లెక్కకు మించి అడిగారు. 451 చట్టపరమైన కారణాలతో చూపడం లేదనే సూచన, 2016లో చేరింది. 5తో మొదలయ్యేవన్నీ సర్వర్ వైపు చిక్కులే. 503 కనిపిస్తే ఇంట్లో ఎన్ని వైర్లు కదిపినా ఉపయోగం ఉండదు, వేచి ఉండటమే దారి.

403 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వీడియో ముక్కల చిరునామాలకు గడువు ముద్ర వేయడం ఓటీటీ సేవల్లో మామూలు. సినిమాను సగంలో ఆపి, భోంచేసి, నిద్రపోయి, మర్నాడు పొద్దున అదే తెరమీద ప్లే నొక్కితే పాత చిరునామాలు చెల్లవు. యాప్ కొత్తవి అడిగి తెచ్చుకోవాలి. ఆ పని సరిగా చేయని యాప్‌లు దోషం చూపించి ఆగిపోతాయి. వెనక్కి వెళ్ళి ఆ సినిమాను మళ్ళీ తెరిస్తే చాలు, కొత్త మ్యానిఫెస్ట్ వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక యాప్‌నే తీసేసి, డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలన్నీ పోగొట్టుకునేవారు ఎందరో.

నెట్‌వర్క్

ఎక్కువ దోషాల మూలం ఇంటి నెట్‌వర్కే. అయినా ‘నెట్ స్లోగా ఉంది’ అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి.

కావలసిన వేగం నిజానికి ఎక్కువేమీ కాదు. నెట్‌ఫ్లిక్స్ సూచన ప్రకారం 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15 ఉంటే చాలు. వంద ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్న ఇంట్లో వలయం తిరిగిందంటే సాధారణంగా లోపం వేగంలో లేదు, నిలకడలో ఉంది. వేగపరీక్ష యాప్‌లు సాధారణంగా దగ్గరలోని సర్వర్‌తో కొద్ది సెకన్లపాటు మాట్లాడి అంకె చెబుతాయి. సినిమాకు కావలసింది వేరే సర్వర్ నుంచి రెండు గంటలపాటు తెగకుండా వచ్చే ప్రవాహం. అందుకే 2016లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ఫాస్ట్.కామ్ ఉపయోగకరమైనది. అది ఆ సంస్థ సొంత వీడియో సర్వర్లనుంచే వేగాన్ని కొలుస్తుంది. మామూలు పరీక్షలో ఎనభై, ఇక్కడ రెండు చూపించిందంటే చిక్కు ఇంటి వైఫైలో లేదు, నెట్ కంపెనీకీ వీడియో సర్వర్లకీ మధ్య ఉంది. కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన చెప్పగలిగితే మాట తప్పించుకునే వీలు తగ్గుతుంది.

వైఫైలో రెండు పౌనఃపున్యాలు ప్రధానం. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళుతుంది గాని, దానిలో ఒకదానితో ఒకటి కలవని చానళ్ళు మూడే. అపార్ట్‌మెంట్లలో పై ఫ్లాటు, కింది ఫ్లాటు, ఎదురు ఫ్లాటు రౌటర్లన్నీ వాటిలోనే ఇరుక్కుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ పౌనఃపున్యంలోనే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు చోటు ఎక్కువ, వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. టీవీ హాల్లో, రౌటర్ పడకగదిలో, నడుమ రెండు ఇటుక గోడలు ఉన్న ఇళ్ళలో టీవీకి లాన్ కేబుల్ లాగడం అన్నిటికన్నా ఖాయమైన మందు. ఎన్ని సెట్టింగులు మార్చినా ఆ ఒక్క కేబుల్ చేసే మేలు చేయవు.

మొబైల్ డేటాలో జబ్బు వేరు. మన దేశంలో ఎక్కువ ప్రీపెయిడ్ ప్లాన్లకు రోజువారీ కోటా ఉంటుంది. అది అయిపోయాక చాలా ప్లాన్లలో నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో వాట్సాప్ సందేశాలు వెళతాయి కాబట్టి నెట్ బాగానే ఉందనిపిస్తుంది, వీడియో మాత్రం కదలదు. హెచ్‌డీ సినిమాకు గంటకు మూడు జీబీ దాకా ఖర్చవుతుందని గుర్తుంచుకుంటే, రెండు జీబీల కోటా ఏ సమయానికి ముగుస్తుందో లెక్క కట్టవచ్చు.

డీఎన్‌ఎస్ గురించి ఒక హెచ్చరిక అవసరం. పేరును చిరునామాగా మార్చే ఈ సేవను గూగుల్ 8.8.8.8కి గాని, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1కి గాని మార్చుకోమనే సలహా అన్నిచోట్లా వినిపిస్తుంది. నెట్ కంపెనీ డీఎన్‌ఎస్ పాడైన వేళ అది పనిచేస్తుంది. అయితే కొన్ని సీడీఎన్‌లు అడిగిన డీఎన్‌ఎస్ సర్వర్ ఏ ఊళ్ళో ఉందో చూసి దగ్గరి పెట్టెను ఎంచుతాయి. డీఎన్‌ఎస్ మార్చడంవల్ల దూరపు పెట్టె నుంచి వీడియో రావడం మొదలై, ఉన్న వేగమూ తగ్గవచ్చు. మార్చినవారు ఫలితం లేకపోతే పాత అమరికకు తిరిగి వెళ్ళాలి.

నాణ్యత తగ్గడం ఒక్కోసారి దోషం కాకుండా నిర్ణయం కూడా అవుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు నెట్‌వర్క్‌లపై భారం పెరుగుతుందని, భారతదేశంలోని ప్రధాన వీడియో సేవలు మొబైల్ నెట్‌వర్క్‌లమీద 480పీకి మించకుండా చూపాలని ఒప్పుకున్నాయి.

కాపీ రక్షణ

మామూలు ప్రేక్షకుడికి అన్నిటికన్నా అంతుపట్టనివి కాపీ రక్షణ వ్యవస్థ (డీఆర్‌ఎం) దోషాలు. నెట్ బాగుంటుంది, ఖాతా బాగుంటుంది, పరికరం కొత్తది, అయినా తెర నల్లబడుతుంది.

ఓటీటీ వీడియో ముక్కలు సంకేతబద్ధమై వస్తాయి. వాటిని విప్పే కీని పరికరం ప్రత్యేకంగా అడిగి తెచ్చుకోవాలి. ఈ పనికి మూడు వ్యవస్థలు ప్రధానం: గూగుల్ వారి వైడ్‌వైన్, మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ, ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే. బ్రౌజర్ వీటితో మాట్లాడే పద్ధతిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2017లో ప్రమాణంగా ఆమోదించింది. వైడ్‌వైన్‌లో ఎల్1, ఎల్2, ఎల్3 అని భద్రతా స్థాయులు ఉన్నాయి. ఎల్1 ఉన్న ఫోన్‌లో వీడియో విప్పే పని అంతా ప్రాసెసర్‌లోని రక్షిత భాగంలో జరుగుతుంది. ఎల్3లో ఆ రక్షణ సాఫ్ట్‌వేర్‌దే. నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎల్1 ఉంటేనే హెచ్‌డీ ఇస్తాయి. అందుకే పెద్ద తెర, మంచి కెమెరా ఉన్న ఫోన్‌లో కూడా సినిమా మసకగా కనిపించే సందర్భాలున్నాయి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన కొన్ని ఫోన్లు ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతాయి. ఆండ్రాయిడ్‌లోని నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అనే చోట ఈ స్థాయి, దొరకగల గరిష్ఠ నాణ్యత రాసి ఉంటాయి. ఫోన్ కొనేముందు దుకాణంలోనే చూడదగిన వివరమిది. కంపెనీలు దీన్ని పెట్టెమీద ముద్రించకపోవడం కొనేవారికి చేసే అన్యాయం.

కంప్యూటర్లలోనూ ఇలాంటి తేడాయే. ఒకే కంప్యూటర్‌లో క్రోమ్‌లో నెట్‌ఫ్లిక్స్ నాణ్యత చాలాకాలం 720పీ దాటలేదు, ఎడ్జ్‌లో అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఆ తేడాకు కారణం ఆయా బ్రౌజర్లకు అందుబాటులో ఉన్న రక్షణ స్థాయే.

తెరకు చేరే చివరి అడుగులో హెచ్‌డీసీపీ ఉంటుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌కు రెండు వైపులా ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి గుర్తిస్తేనే వీడియో సాగుతుంది. 4కేకి ఈ ఒప్పందం 2.2 రకానిది కావాలి. ల్యాప్‌టాప్‌కూ టీవీకీ నడుమ చవక కన్వర్టర్ గాని, పాత హోమ్ థియేటర్ రిసీవర్ గాని ఉంటే ఒప్పందం కుదరక తెర నల్లబడుతుంది, లేదా నాణ్యత పడిపోతుంది. నడుమ ఉన్న పరికరాన్ని తీసి నేరుగా కలిపి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయమిది. స్క్రీన్ రికార్డర్ నడుస్తున్నప్పుడు, వీడియో కాల్‌లో తెరను పంచుకున్నప్పుడు సినిమా నల్లగా కనిపించడం కూడా ఈ రక్షణ ఫలితమే. అది దోషం కాదు.

గడియారం, ధ్రువపత్రాలు

టీవీలో తేదీ తప్పుగా ఉంటే సినిమా ఆడదంటే నమ్మడం కష్టం. అయినా ఇది నిజం. సర్వర్ తాను ఫలానా సంస్థదేనని రుజువు చేసుకోవడానికి ఒక డిజిటల్ ధ్రువపత్రం చూపిస్తుంది. దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కరెంటు పోయి వచ్చాక గడియారం ఏ పాత సంవత్సరానికో జారిపోయిన పెట్టె, ఆ పత్రం ఇంకా మొదలే కాలేదనుకుని కలవడానికి ఒప్పుకోదు. తెరమీద కనిపించేది మాత్రం ‘నెట్‌వర్క్ దోషం’. తేదీని ఆటోమేటిక్‌గా సరిచేసుకునేలా పెడితే సరిపోతుంది.

గడువు అసలు పత్రానికే ముగిస్తే చూసేవారి చేతిలో ఏమీ ఉండదు. 2021 సెప్టెంబరు 30న, ఇలాంటి పత్రాలు జారీ చేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ అంతవరకు ఆధారపడిన పాత మూల పత్రం గడువు ముగిసి, ఏళ్ళ తరబడి అప్‌డేట్ లేని పరికరాలు అనేక సైట్లను నమ్మడం మానేశాయి. 2025 మార్చి 9న గూగుల్ వారి రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ప్రపంచమంతటా ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. పదేళ్ళ కిందట వాటికోసం జారీ చేసిన ఒక పత్రం ఆ రోజుతో చెల్లకుండా పోయింది. ‘నమ్మదగని పరికరం’ అన్న సందేశం చూసి చాలామంది ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. రీసెట్ చేయవద్దని గూగుల్ చెప్పేసరికి ఆలస్యమైంది. కొన్ని రోజుల్లో సవరణ వచ్చినప్పుడు, రీసెట్ చేయనివారి పరికరాలు వాటంతటవే బాగుపడ్డాయి. చేసినవారు కొత్తగా సెటప్ చేయడానికే వీలులేక మరికొంతకాలం ఆగవలసి వచ్చింది. ఒకే రకం పరికరాలు ఒకే రోజు అందరికీ ఆగిపోతే లోపం తన ఇంట్లోది కాదని అనుమానించడం నేర్పే ఉదంతం ఇంతకన్నా మంచిది మరొకటి లేదు.

ఖాతా, ప్లాను, దేశం

ఈ రకం దోషాలకు సందేశం సాధారణంగా స్పష్టంగానే ఉంటుంది. ఒకేసారి నడపగల తెరల సంఖ్య దాటితే యాప్ ఆ మాటే చెబుతుంది. భారతదేశంలో నెట్‌ఫ్లిక్స్ 2019లో తెచ్చిన మొబైల్ ప్లాను ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ మాత్రమే పరిమితం, నాణ్యత 480పీ. దాన్ని టీవీలో ఆడించబోతే ఆడకపోవడం ఒప్పందంలోని భాగమే.

విదేశాల్లోని తెలుగువారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది దేశాల వారీ హక్కులు. ఒక తెలుగు సినిమా భారతదేశ హక్కులు ఒక సంస్థవి, విదేశీ హక్కులు మరో సంస్థవి కావడం మామూలే. ఇండియా ఖాతాతో డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో తెరిస్తే సినిమా కనిపించకపోవచ్చు. వీపీఎన్‌తో దాటాలని చూసేవారిని నెట్‌ఫ్లిక్స్ 2016 నుంచి గట్టిగా అడ్డుకుంటోంది. ఆఫీసు పనికోసం పెట్టుకున్న వీపీఎన్‌ను ఆపడం మరిచిపోయి ఇంట్లో సినిమా తెరిచేవారికీ ఇదే దోషం వస్తుంది.

పరికరం

స్మార్ట్ టీవీని రిమోట్‌తో ఆపితే అది నిజంగా ఆగదు, నిద్రలోకి జారుతుంది. నెలల తరబడి రీస్టార్ట్ లేకుండా నడుస్తున్న టీవీలో మెమరీ నిండి యాప్‌లు కూలుతుంటాయి. గోడమీది స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి మళ్ళీ వేయడం అసలైన రీస్టార్ట్. చవక ఆండ్రాయిడ్ టీవీల్లో నిలవ 8 జీబీయే ఉంటుంది. అది నిండితే యాప్ అప్‌డేట్ కాదు, పాత యాప్‌ను సర్వర్ ఒప్పుకోదు.

వీడియోను కుదించే కోడెక్‌లు తరం మారుతుంటాయి. 2003 నాటి హెచ్.264ను నేటి పరికరాలన్నీ ఆడిస్తాయి. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, వీపీ9, 2018లో వచ్చిన ఏవీ1 అన్నిటికీ తెలియవు. చిప్ సాయం లేకుండా ప్రాసెసర్ ఒక్కటే విప్పవలసి వస్తే ఫోన్ వేడెక్కుతుంది, ఫ్రేములు రాలిపోతాయి, బొమ్మ ఒకచోట మాట ఒకచోట పడుతుంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో తెర ఆకుపచ్చగా మారడం, బొమ్మ చెదరడం ఎక్కువగా గ్రాఫిక్స్ డ్రైవర్ లోపం. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూస్తే తేలుతుంది. బొమ్మ ఉండి శబ్దం లేకపోతే శబ్దాన్ని 5.1 నుంచి స్టీరియోకు మార్చి చూడాలి. డాల్బీని విప్పలేని సౌండ్‌బార్ చాలాసార్లు మౌనంగా ఉండిపోతుంది.

పాత పరికరాలకు ఒకరోజు తలుపు మూసుకుంటుంది. 2019 డిసెంబరులో కొన్ని పాత శామ్‌సంగ్ టీవీల్లో, రోకు పెట్టెల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. బాగా పనిచేస్తున్న తెరను పారేయనక్కరలేదు. హెచ్‌డీఎంఐ ద్వారా ఒక స్టిక్ తగిలిస్తే తెర మళ్ళీ పనికి వస్తుంది.

సర్వర్ వైపు వైఫల్యాలు

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను అడ్డుకోబోయి, పొరపాటున ఆ చిరునామాల దారి తమదేనని ప్రపంచానికంతా ప్రకటించింది. దాదాపు రెండు గంటలపాటు ఎన్నో దేశాల్లో యూట్యూబ్ అందలేదు. 2012 క్రిస్మస్ ముందు రోజు అమెజాన్ క్లౌడ్‌లో కొంత సమాచారం పొరపాటున చెరిగిపోయి అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ ఆగింది. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే సీడీఎన్‌లో ఒక వినియోగదారు సెట్టింగు మార్చగా దాగి ఉన్న బగ్ బయటపడి, ట్విచ్‌తో సహా అనేక సైట్లు దాదాపు గంటసేపు ఆగాయి.

వీటన్నిటిలో నేర్చుకోదగ్గది 2020 డిసెంబరు 14 నాటి గూగుల్ వైఫల్యం. భారతదేశంలో సాయంత్రం వేళ, ముక్కాలు గంటకు పైగా, యూట్యూబ్ తెరుచుకోలేదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచినవారికి మాత్రం వీడియోలు మామూలుగా ఆడాయి. లోపం వీడియో సర్వర్లలో లేదు, ఖాతాను గుర్తించే వ్యవస్థలో ఉంది. లాగిన్ లేకుండా అడిగితే ఆ వ్యవస్థతో పనే పడదు. ఆ ఒక్క పరీక్ష చేసినవారికి తెగిన మజిలీ వెంటనే తెలిసిపోయింది.

ప్రత్యక్ష ప్రసారాల భారం వేరే స్థాయిది. 2019 క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్లో భారత్, న్యూజిలాండ్ మ్యాచ్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. 2023 ఫైనల్‌కు ఆ సంఖ్య 5.9 కోట్లకు చేరింది. ఇలాంటి రాత్రి ఇంజనీర్లు భయపడేది వచ్చే జనానికే కాదు, వెళ్ళే జనానికి కూడా. కీలకమైన వికెట్ పడగానే లక్షలమంది ఒకేసారి బ్యాక్ నొక్కితే, అందరికీ హోమ్ పేజీ ఒకే క్షణంలో తయారుచేయాలి. భారం మించినప్పుడు సిఫారసుల వంటి హంగులను ఆపేసి వీడియోను మాత్రం నిలబెట్టడం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. మ్యాచ్ నడుస్తున్న వేళ హోమ్ పేజీ బోసిగా కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. నెట్‌ఫ్లిక్స్ అంతటిది కూడా 2024 నవంబరులో జేక్ పాల్, మైక్ టైసన్ బాక్సింగ్ పోటీని 6.5 కోట్ల ప్రసారాలు ఒకేసారి నడిచిన రాత్రి బఫరింగ్ లేకుండా చూపలేకపోయింది.

పరిశీలన క్రమం

ప్రత్యేక పరికరమేదీ లేకుండా ఇంట్లోనే చేయగల పరీక్షలు మూడున్నాయి. అదే యాప్‌లో వేరే సినిమా తెరవాలి. అది ఆడితే లోపం మొదటి సినిమా ఫైలులోనో హక్కుల్లోనో ఉంది. ఏదీ ఆడకపోతే అదే వైఫైమీద ఫోన్‌లో ఆ సినిమానే తెరవాలి. ఫోన్‌లో ఆడితే నెట్ నిర్దోషి, టీవీని చూసుకోవాలి. ఫోన్‌లోనూ ఆడకపోతే వైఫై ఆపి మొబైల్ డేటాతో ప్రయత్నించాలి. అప్పుడు ఆడితే రౌటర్‌నో నెట్ కంపెనీనో పట్టుకోవాలి, అప్పుడూ ఆడకపోతే ఖాతానో సర్వర్‌నో అనుమానించాలి. ఐదు నిమిషాల్లో ముగిసే ఈ వరసలో ఏదీ చెరిగిపోదు. ఒకసారి ఒక్కటే మార్చడం దీనికి ప్రాణం. రౌటర్ రీస్టార్ట్, యాప్ అప్‌డేట్, డీఎన్‌ఎస్ మార్పు ఒకేసారి చేస్తే బాగుపడినా దేనివల్లో తెలియదు, వారానికి మళ్ళీ వస్తే మొదటికే వస్తుంది.

లోపం పరికరంలోనే ఉందని తేలాక కూడా వరస తప్పకూడదు. ముందు యాప్‌ను పూర్తిగా మూసి తెరవడం, తరవాత స్విచ్ దగ్గర రీస్టార్ట్, ఆపై తేదీ సరిచూడటం, యాప్‌నూ టీవీ సాఫ్ట్‌వేర్‌నూ అప్‌డేట్ చేయడం, అప్పుడు క్యాష్ తుడవడం. పరికరంలో దాచిన సమాచారం పాతబడిందని చెప్పే నెట్‌ఫ్లిక్స్ ‘యూఐ-800-3’ వంటి కోడ్‌లకు ఈ మెట్టే చాలు. యాప్ డేటా చెరపడం అంతకన్నా కఠినం, లాగిన్ పోతుంది, డౌన్‌లోడ్‌లు పోతాయి. ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికన్నా ఆఖరిది. బ్రౌజర్ అయితే ఇన్‌కాగ్నిటో కిటికీ మొదటి పరీక్ష కావాలి. యాడ్ బ్లాకర్ వంటి ఎక్స్‌టెన్షన్లు, పాత కుకీలు మామూలుగా అందులోకి రావు.

సంస్థల బాధ్యత

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రమేశ్ సీతారామన్, సీడీఎన్ సంస్థ అకమాయ్‌కు చెందిన ఎస్. షణ్ముగ కృష్ణన్ కలిసి 2012లో ప్రచురించిన పరిశోధనలో 2.3 కోట్ల వీక్షణలను పరిశీలించారు. వీడియో మొదలవడానికి రెండు సెకన్లు దాటితే జనం వదిలి వెళ్ళడం మొదలుపెడతారనీ, ఆపై ప్రతి సెకనుకూ వెళ్ళిపోయేవారు 5.8 శాతం చొప్పున పెరుగుతారనీ తేలింది. అప్పటి నుంచి సంస్థలు సెకను సెకనుకూ లెక్క కడుతున్నాయి. దోషం వచ్చాక ఏం చెప్పాలన్న దానిమీద ఆ శ్రద్ధ కనిపించదు. లోపల సర్వర్‌కు 503 అనీ, కీ నిరాకరణ అనీ, గడువు ముగిసిందనీ స్పష్టంగా తెలిసినా తెరమీదికి ‘ఏదో పొరపాటు జరిగింది’ అనే వస్తుంది. తెలుగు సినిమాలను తెలుగువారికే అమ్మే యాప్‌లలో కూడా దోషసందేశం ఇంగ్లీషులోనే ఉండటం మరీ బాధాకరం. ‘మా సర్వర్‌లో ఇబ్బంది ఉంది, మీ టీవీని ఏమీ చేయనక్కరలేదు’ అని తెలుగులో ఒక్క వాక్యం రాస్తే ఎన్ని రీసెట్‌లు తప్పుతాయో!

ఫిర్యాదు చేసేవారు ‘వీడియో రావడం లేదు’ అని ఊరుకోకుండా కోడ్‌ను అక్షరం పొల్లుపోకుండా ఫొటో తీసి ఉంచుకోవాలి. సమయం నిమిషంతో సహా, పరికరం మోడల్, యాప్ వెర్షన్, సినిమా పేరు, పైన చెప్పిన మూడు పరీక్షల ఫలితాలు జతచేయాలి. యూట్యూబ్ దోషం చూపినప్పుడు అడుగున ప్లేబ్యాక్ ఐడీ ఇస్తుంది. ఆడుతున్న వీడియోమీద కంప్యూటర్‌లో రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కోడెక్, బఫర్‌లో ఎన్ని సెకన్లు నిలవ ఉంది, ఎన్ని ఫ్రేములు రాలాయి అన్నవన్నీ కనిపిస్తాయి. బఫర్ నిండుగా ఉండి ఫ్రేములు రాలుతుంటే కంప్యూటర్ తట్టుకోలేకపోతోందని, ఫ్రేములు రాలకుండా బఫర్ సున్నాకు పడుతుంటే నెట్ చాలడం లేదని అర్థం.